ఇంటి చదువులో డబ్బు పాఠం: అయిదో ఏడు నుంచి పదమూడో ఏడు దాకా

మా పెద్దాడికి ఏడేళ్లప్పుడు పాలప్యాకెట్ తెమ్మని వంద కాగితం ఇచ్చి పంపాను. పాలు తెచ్చాడు, చిల్లర తేలేదు. "చిల్లర ఏదిరా?" అంటే, "చిల్లరంటే ఏంటమ్మా?" అన్నాడు. వందలోంచి ముప్పై నాలుగు తీసేస్తే ఎంతని అడిగితే అప్పటికే టక్కున చెప్పేవాడు. కానీ పుట్టినప్పటి నుంచి వాడు చూసింది ఫోన్‌తో స్కాన్ చేయడమే. డబ్బిచ్చి డబ్బు వెనక్కి తీసుకోవడం అనే పని వాడి కళ్ల ముందు జరగనే లేదు. తప్పు వాడిది కాదు, మాది.

ఆ ఏడే పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టాం. మాది కడియం దగ్గర ఊరు. ఇప్పుడు పెద్దాడికి 13, చిన్నదానికి 9. ఇన్నేళ్లలో డబ్బు గురించి పిల్లలకి ఏం నేర్పామో, ఎక్కడ తప్పటడుగు వేశామో వయసు వారీగా రాస్తున్నాను.

ముందుగా రెండు మాటలు. ఇంట్లో చదువుకునే పిల్లలకి ఉన్న పెద్ద వెసులుబాటు టైం. బడి పిల్లలు తొమ్మిదింటికి వెళ్తే నాలుగింటికి వస్తారు. బ్యాంకు, పోస్టాఫీసు, కరెంటాఫీసు నడిచేది సరిగ్గా ఆ వేళల్లోనే. మన పిల్లలు ఆ టైంలో మన వెంట రాగలరు, కౌంటర్ దగ్గర నిలబడగలరు. డబ్బు పాఠాన్ని పుస్తకంలోంచి చెప్పి ఊరుకుంటే ఈ వెసులుబాటంతా వృథా అయిపోతుంది.

రెండోది, డబ్బు నిజమైనదై ఉండాలి. బొమ్మ నోట్లతో ఆడించే ఆటలు కూడికలకి పనికొస్తాయి, అంతవరకే. చేతిలోది పోతే బాధ కలగాలి. ఆ బాధ ఎనిమిదేళ్లప్పుడు యాభై రూపాయల దగ్గర తెలిస్తే, ముప్పై ఏళ్లప్పుడు అయిదు లక్షల దగ్గర తెలిసే అవసరం తగ్గుతుందని నా నమ్మకం.

మొదలుపెట్టే ముందు

మూత ఉన్న డబ్బా ఒకటి, గీతల నోట్‌బుక్ ఒకటి, చిన్న గుడ్డ సంచి ఒకటి. ఇవి చాలు. పిల్లల కోసం వచ్చే ఖర్చుల యాప్‌లు మొదటి అయిదేళ్లూ వద్దు.

చట్టం గురించి చాలామంది అడుగుతుంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య అందాలంటుంది. ఇంటి చదువుకంటూ విడిగా లైసెన్సు, రిజిస్ట్రేషన్ లాంటి పద్ధతేదీ లేదు. పదో తరగతి దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారానో, రాష్ట్ర ఓపెన్ స్కూల్ ద్వారానో పరీక్ష రాయిస్తారు. ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. అక్కడ ఆ స్థాయిలోనే అకౌంటెన్సీ, బిజినెస్ స్టడీస్ తీసుకునే వీలుంది. ఇప్పుడు మీ పిల్లలు రాసే పద్దు పుస్తకం రేపు ఆ పరీక్షకి పునాది కూడా అవుతుంది.

మొదటి మెట్టు: చిల్లర (5 నుంచి 7 ఏళ్లు)

డబ్బాలో 1, 2, 5, 10, 20 రూపాయల నాణేలు వేయండి. ముందు చేతి స్పర్శతో గుర్తుపట్టించండి. 20 నాణేనికి 12 అంచులుంటాయి, కళ్లు మూసుకుని కూడా చెప్పగలరు. తర్వాత, "పన్నెండు రూపాయలు ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు?" అని అడగండి. మా చిన్నది మొదటి రోజు మూడు రకాలు చెప్పింది, వారం తిరిగేసరికి కాగితం నిండా రాసింది.

నోట్లు చదివించండి. నోటు వెనక 15 భాషల్లో విలువ రాసి ఉంటుంది. అందులో కింద నుంచి రెండోది తెలుగు. అక్షరాలు కూడబలుక్కునే వయసులో దాన్ని వెతికి చదవడం పిల్లలకి గొప్ప సరదా. 50 నోటు మీద హంపి రథం, 200 మీద సాంచి స్తూపం, 20 మీద ఎల్లోరా ఉంటాయి కాబట్టి సోషల్ పాఠం కూడా అక్కడే మొదలుపెట్టొచ్చు.

ఇక కొట్టుకి పంపడం. ఒక్క వస్తువు, ఒక్క నోటు. ఇంట్లోంచి కదిలే ముందే రెండు మాటలు చెప్పించండి: ఎంత ఇస్తున్నావు, ఎంత వెనక్కి రావాలి. కొట్టు మెట్టు దిగకముందే చిల్లర లెక్కపెట్టుకోవాలి. రెండు రూపాయలకి బదులు చాక్లెట్ చేతిలో పెట్టినప్పుడు, "వద్దు బాబాయ్, రెండు రూపాయలే ఇవ్వండి" అని మర్యాదగా అడగడం నేర్పండి. మా పాపకి ఆ మాట నోటి నుంచి రావడానికి నెల పట్టింది. లెక్క తెలియడం కన్నా పెద్దవాళ్లని అడగగలగడం కష్టం. ఆ జంకు పోగొట్టడానికే ఎక్కువ రోజులు కేటాయించండి.

ఈ రెండేళ్లూ పిల్లలు పక్కనున్నప్పుడు మీరు కూడా నగదే వాడండి. ఏటీఎంకి వెళ్లడం విసుగే. కానీ పర్సులోంచి నోటు తగ్గడం వాళ్లు చూడాలి.

రెండో మెట్టు: వారం డబ్బు, పద్దు పుస్తకం (7 ఏళ్ల నుంచి)

ఈ మెట్టొక్కటి గట్టిగా పడితే మిగతావన్నీ దీని మీద నిలబడతాయి. ఇక్కడ తొందరపడకండి.

ప్రతి ఆదివారం పొద్దున, అదే టైంకి, అంతే మొత్తం ఇవ్వండి. మేం ఏడేళ్లప్పుడు 20తో మొదలుపెట్టి, ఎనిమిదికి 30 చేశాం. ఎంతివ్వాలన్నది మీ ఇంటి పరిస్థితి. నా లెక్క ఏమిటంటే, వారంలో ఒక చిన్న కోరిక తీరాలి, రెండో కోరికకి మాత్రం ఆగాల్సి రావాలి.

పుస్తకంలో నాలుగు గడులు గీయించండి: తేదీ, జమ, ఖర్చు, నిల్వ. పెద్దాడి పుస్తకంలో ఒక వారం ఇలా ఉంది. ఆదివారం పాత నిల్వ 35, వారం డబ్బు జమ 30, నిల్వ 65. మంగళవారం పుల్ల ఐసు ఖర్చు 10, నిల్వ 55. గురువారం తాతయ్య ఇచ్చింది జమ 20, నిల్వ 75. శనివారం రబ్బరు 5, నిల్వ 70. ఆ రాత్రి డబ్బా తెరిచి లెక్కపెడితే 68 ఉన్నాయి. వాడు ఏడుపు మొహం పెట్టి, అయిదుని ఏడుగా దిద్దబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. "తేడా 2 అని రాయి" అన్నాను. ఎక్కడ పోయాయో మాకెవరికీ తెలియదు. తెలియనప్పుడు తెలియదనే రాయాలి. పుస్తకం సరిపోవడం కోసం అంకె మార్చడం మాత్రం ఆ వయసులో అలవాటు కాకూడదు. తేడా వచ్చిందని కోప్పడితే మాత్రం వచ్చే వారం నుంచి తేడాలే కనిపించవు, దిద్దుళ్లు కనిపిస్తాయి.

ఈ మెట్టులో పెద్దవాళ్లం పాటించాల్సినవి మూడున్నాయి. వాళ్లు కొనేదానికి అడ్డుపడకూడదు, ఒంటికి హాని చేసేదైతే తప్ప. అయిపోతే మళ్లీ నింపకూడదు. అడ్వాన్సు ఇవ్వకూడదు.

రెండోది ఎంత కష్టమో శివరాత్రి తీర్థంలో తెలిసింది. పెద్దాడు క్రికెట్ బ్యాటు కోసం ఎనిమిది వారాలు కూడబెట్టాడు. తీర్థంలో రంగు లైట్ల కింద రిమోట్ కారు చూడగానే బ్యాటు సంగతి మర్చిపోయాడు. 200 పెట్టి కొన్నాడు. మర్నాడు పొద్దున్నకి ముందు చక్రం ఊడిపోయింది. వాడి ఏడుపు చూసి మా అత్తయ్యగారు కొంగు ముడి విప్పి 200 నోటు తీశారు. "వద్దత్తయ్యా, ఈ ఒక్కసారికి వదిలేయండి" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది, రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాకూ కడుపులో దేవినట్టే ఉంది. పుస్తకంలో "కారు 200" అని రాసిన దాని పక్కన వాడే చిన్న అక్షరాలతో "చక్రం ఊడింది" అని రాసుకున్నాడు. ఆ తర్వాత ఏ బొమ్మ కొన్నా తిరగేసి, స్క్రూలు ఉన్నాయా, జిగురుతో అతికించారా అని చూడ్డం మొదలుపెట్టాడు. అది నేను చెప్పింది కాదు.

ఇంటి పనులకి డబ్బివ్వాలా అంటే, నేను ఇవ్వను. తన కంచం తాను కడుక్కోవడానికి, పక్క సర్దడానికి కూలి ఉండకూడదు. పాత పేపర్లు కట్టలు కట్టి, తూకం చూసి అమ్మే పని పిల్లలదే, వచ్చిన డబ్బూ వాళ్లదే.

మూడో మెట్టు: బజారు (8 ఏళ్ల నుంచి)

రైతు బజార్లో రోజూ ధరల బోర్డు పెడతారు. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచీ ఉన్న పద్ధతి అది. పిల్లల్ని ముందు ఆ బోర్డు దగ్గర నిలబెట్టి, మనకి కావలసిన అయిదు కూరల ధరలు రాయించండి. ఇంటికొచ్చే దారిలో తోపుడు బండి మీద అవే కూరలు ఎంతో అడిగించండి. తేడా ఎందుకుందో మాట్లాడుకోండి: బండి ఆయన ఇంటి ముందుకి తెస్తాడు, ఎండలో తిరుగుతాడు, మిగిలినవి వాడిపోతే నష్టం ఆయనదే. బేరం ఎక్కడ ఆడాలి, ఎక్కడ ఆడకూడదన్నది ఈ మాటల్లోనే తెలుస్తుంది. తోటకూర కట్టల మామ్మగారి దగ్గర రెండు రూపాయల కోసం గీచి గీచి బేరమాడటం మా పిల్లలకి నేర్పలేదు. ఆవిడ కొసరు వేస్తే దణ్ణం పెట్టి తీసుకోమన్నాను.

తూకం లెక్కలు నోటితో చేయించండి. పావుకిలో 18 అయితే కిలో ఎంత? కిలో 60 అయితే ముప్పావు ఎంత? లెక్కల పుస్తకంలో భిన్నాలకి నెల పడితే, బెండకాయల దగ్గర వారంలో వచ్చేశాయి.

సూపర్ మార్కెట్లో వేరే పాఠం ఉంది. ప్యాకెట్ మీద ఎంఆర్పీతో పాటు గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. పిల్లలకి ఆ చిన్న అక్షరాలు వెతికే పని ఇవ్వండి. పెద్దది కొంటే చవకని మనమంతా అనుకుంటాం. షాంపూ దగ్గర చాలాసార్లు ఆ లెక్క తిరగబడుతుంది. రూపాయి, రెండు రూపాయల సాచెట్‌లో మిల్లీలీటరుకి పడే ధర పెద్ద సీసా కన్నా తక్కువ ఉండటం పిల్లలే కనిపెట్టాలి. దాని వెంటే, మరి అన్ని ప్లాస్టిక్ కవర్లు ఎక్కడికి పోతాయన్న ప్రశ్న కూడా వస్తుంది.

నాలుగో మెట్టు: ఇంటి బిల్లులు

ఒక నెలపాటు కరెంటు మీటరు పిల్లలకి అప్పజెప్పండి. రోజూ పొద్దున ఏడింటికి రీడింగ్ రాసుకోవాలి. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. 2000 వాట్ల గీజరు అరగంటకే యూనిట్ తాగేస్తుంది. 75 వాట్ల ఫ్యాను 13 గంటలకి పైగా తిరిగితే అంత అవుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాయించాక స్నానాల గదిలో స్విచ్చి కట్టేయమని మేం మళ్లీ అరవాల్సిన పని పడలేదు. బిల్లు వచ్చాక శ్లాబులు చూపించండి. వాడకం పెరిగే కొద్దీ తర్వాతి యూనిట్ ధర పెరుగుతుందని, అందుకే చివరి ఇరవై యూనిట్లు మొదటి ఇరవై కన్నా ఖరీదని వాళ్లకి అర్థమవుతుంది.

గ్యాసు బండ మార్చిన తేదీ వంటింటి గోడ మీద క్యాలెండర్లో గుర్తు పెట్టించండి. ఇంట్లో వాడే బండలో 14.2 కిలోల గ్యాసుంటుంది, ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. రెండూ కూడి, తెచ్చినతన్ని తూచి చూపించమని పిల్లల చేతే అడిగించండి.

అయిదో మెట్టు: సొంత ఖాతా (10 ఏళ్లు)

పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరున సేవింగ్స్ ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లోనే అనుమతించింది. 2025లో ఇచ్చిన కొత్త ఆదేశాల్లోనూ అదే ఉంది. ఎంత మొత్తం వరకు, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది ఆ బ్యాంకు నిర్ణయించుకుంటుంది. పోస్టాఫీసులోనూ పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరున 500 రూపాయలతో ఖాతా తెరవచ్చు.

మేం మొదట వెళ్లిన బ్రాంచిలో "పిల్లలకి విడిగా ఇవ్వం, మీ పేరున తెరవండి" అన్నారు. వాదించకుండా వేరే బ్రాంచికి వెళ్లాం, అక్కడ తెరిచారు. ఇలా జరగొచ్చని పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి. కాదన్న చోట మొహం చిన్నబుచ్చుకోకుండా ఇంకో చోట అడగడం కూడా నేర్చుకోవాల్సిందే.

వెళ్లే ముందు వారం రోజులు సంతకం సాధన చేయించండి. ఖాతా తానే నడపాలంటే ప్రతిసారీ ఒకేలా పెట్టగలగాలి. డబ్బు జమ చేసే ఫారం, తీసుకునే ఫారం రెండేసి అదనంగా ఇంటికి తెచ్చి నింపించండి. అంకెల్లో, అక్షరాల్లో రెండు చోట్లా మొత్తం రాయడం, కొట్టివేతలు లేకుండా రాయడం వాళ్లకి కొత్త. అసలు రోజున ఫారం వాళ్లే నింపాలి, క్యూలో వాళ్లే నిలబడాలి, కౌంటర్లో వాళ్లే మాట్లాడాలి. మీరు మూడడుగులు వెనక ఉండండి. కౌంటర్లో ఉన్నవాళ్లు మీ వైపు చూసి అడిగినా, పిల్లవాడి వైపు చూపించండి.

పోస్టాఫీసులో నెలకి 100 రూపాయల నుంచి ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టొచ్చు, అయిదేళ్లకి చేతికొస్తుంది. అయిదేళ్లంటే పిల్లలకి ఒక యుగం. అందుకే కట్టించాం. పెద్దాడు నెలనెలా పాస్‌బుక్ పట్టుకుని సైకిల్ మీద వెళ్లొస్తాడు.

ఆరో మెట్టు: వడ్డీ, చీటీ (11 ఏళ్ల నుంచి)

మన ఊళ్లలో వడ్డీని శాతంలో చెప్పరు. "నూటికి రెండు రూపాయలు" అంటారు. అది నెలకి అన్నది మాటలో కనిపించదు. బ్యాంకు వాళ్లు 4 శాతం అన్నప్పుడు అది ఏడాదికి. రెండూ ఒక్క పేజీలో పక్కపక్కన వేయించండి. పదివేలకి నూటికి రెండు చొప్పున నెలకి 200, ఏడాదికి 2,400. అంటే 24 శాతం. అదే పదివేలు 4 శాతం సేవింగ్స్ ఖాతాలో పెడితే ఏడాదికి 400. "మరి రెండు కన్నా నాలుగు పెద్దది కదమ్మా!" అని పెద్దాడు అడిగాడు. సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఎన్నో కుటుంబాలు మునిగిపోయాయి.

తర్వాత, కట్టలేక వడ్డీని అసల్లో కలిపేస్తే ఏమవుతుందో నెలనెలా రాయించండి. మొదటి నెల 10,200. రెండో నెల 10,404. ఏడాదికి 12,682. మూడేళ్లకి 20,399. క్యాలిక్యులేటర్ ఇచ్చినా సరే, 36 వరసలూ చేత్తో రాయాలి. పదో వరసకి విసుగొస్తుంది, ముప్పయ్యో వరసకి భయమేస్తుంది. అది అయ్యాక దగ్గరి దారి చెప్పండి: 72ని ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే, డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు ఇంచుమించుగా వస్తాయి. 24కి మూడేళ్లు, 4కి పద్దెనిమిదేళ్లు.

ఈ లెక్క చేసే వారంలో మా అత్తయ్యగారు బీరువాలోంచి పాత డ్వాక్రా పుస్తకం తీసి పిల్లలకి చూపించారు. మొదట్లో వేలిముద్ర, మూడో పేజీ నుంచి సంతకం. కారు సంగతి మీద నాతో మాట్లాడటం మానేసిన మనిషే, పొదుపు సంఘంలో తీసుకున్న అప్పుకీ బయట తెచ్చిన అప్పుకీ తేడా నాకన్నా బాగా చెప్పారు.

చీటీని వివరించి చెబితే పిల్లలకి బుర్రకెక్కదు, వేయాల్సిందే. మా ఇంట్లో అయిదుగురం, అయిదు నెలలు, నెలకి మనిషికి 50. మొత్తం 250. మొదటి నెల పాటలో పెద్దాడు 50 తగ్గించుకుని 200కి పాడేశాడు. ఎందుకన్నది కింద చెప్తాను. ఆ 50 అయిదుగురికీ పంచితే తలా 10, కాబట్టి ఆ నెల అందరూ 40 కట్టాం. తగ్గింపు పాట రెండో నెల 40కి, మూడో నెల 25కి, నాలుగో నెల 10కి ఆగింది. చివరి నెల పాట లేదు, అత్తయ్యగారు 250 పూర్తిగా తీసుకున్నారు. అయిదు నెలల్లో ఒక్కొక్కరం కట్టింది 225. లెక్క చూడండి: పెద్దాడికి వచ్చింది 200, కట్టింది 225. అత్తయ్యగారు కట్టింది 225, వచ్చింది 250. మూడో నెల పాడిన చిన్నదానికి లాభం లేదు, నష్టం లేదు. ముందు తీసుకున్నవాడికి చీటీ అప్పు, చివర తీసుకున్నవాళ్లకి పొదుపు అన్న సంగతి కాగితం మీద దానంతటదే కనిపిస్తుంది.

మనం ఆడింది ఇంట్లో చీటీ, నడిపినవాళ్లకి కమిషన్ లేదు. బయట చీటీలకి 1982 చట్టం ఉందని, రిజిస్టర్ చేయాలని, నడిపేవాళ్లు 7 శాతం వరకు కమిషన్ తీసుకోవచ్చని చెప్పండి. రిజిస్టర్ కాని చేతి చీటీల సంగతీ దాచకండి. నా పెళ్లికి ముందు మా వీధిలో చీటీలు వేసే ఆవిడ రాత్రికి రాత్రి ఊరు వదిలి వెళ్లిపోయింది. మా అమ్మ దాచుకున్న ఏడాది డబ్బు అందులో ఉంది. అమ్మ అన్నం మానేసి వాకిట్లో కూర్చున్న సంగతి పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఏడో మెట్టు: చిన్న వ్యాపారం

పెద్దాడు మొదటి నెలే చీటీ పాడింది మొక్కల కోసం. కడియం చుట్టుపక్కల నర్సరీలే నర్సరీలు. వాడు చామంతి నారు మొక్కలు 20 తెచ్చి, పెంచి, మా ఊళ్లో అమ్ముతానన్నాడు. మొక్క 8 చొప్పున 160, ఆటోకి 60, సంచులకి 40. మొత్తం పెట్టుబడి 260. చీటీ డబ్బు 200, డబ్బాలోంచి 60.

మొదటి వారంలోనే నాలుగు చచ్చిపోయాయి, నీళ్లెక్కువై. మిగిలిన పదహారూ 25 చొప్పున అమ్మాడు. ఒకరు అరువు పెట్టి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. చేతికొచ్చింది 375.

వాడి మొదటి లెక్క ఇది: "మొక్క ఎనిమిదికి కొన్నాను, ఇరవై అయిదుకి అమ్మాను, మొక్కకి 17 లాభం." వాళ్ల నాన్న పక్కన కూర్చుని ప్రశ్నలు మాత్రమే అడిగారు. ఆటో ఎవరి ఖాతాలో? చచ్చిపోయిన నాలుగు మొక్కల డబ్బు ఎవరు కడతారు? అప్పుడు వాడు 260ని పదహారుతో భాగించాడు. ఒక్కో మొక్క 16 రూపాయల పావలా పడింది. బతికిన మొక్కలే చచ్చిన మొక్కల ఖర్చు మోస్తాయని వాడికి ఆ రోజు తెలిసింది. 375లోంచి 260 పోతే 115. "మరి చీటీలో పోయిన 25?" అన్నారు వాళ్ల నాన్న. అదీ తీసేస్తే 90. రెండు నెలల కష్టానికి 90 రూపాయలు. రైతుకి గిట్టుబాటు కాలేదని పేపర్లో వచ్చినప్పుడల్లా ఇప్పుడు వాడు ఆగి చదువుతాడు.

మీ ఊళ్లో మొక్కలు కాకపోతే సంక్రాంతికి ముగ్గులు, వేసవిలో మజ్జిగ, వడియాలు, ఏదైనా సరే. చేసేటప్పుడు పెట్టుబడి మీరు ఊరికే ఇవ్వకండి. అప్పుగా ఇస్తే కాగితం రాయించుకోండి, తీర్చే తేదీ వేయించండి.

ఎనిమిదో మెట్టు: ఫోన్లో డబ్బు (12 తర్వాత)

నగదు చేతికి అలవాటయ్యాకే ఫోన్. ఒక్క వాక్యం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ చేయక్కర్లేదు. పిన్ కొట్టమంటున్నారంటే డబ్బు పోతోందనే.

దీనికి నాటకం వేయించండి. మా తమ్ముడు కొత్త నంబర్ నుంచి పెద్దాడికి ఫోన్ చేసి, పోలీసునని, వాళ్ల నాన్న కేసులో ఇరుక్కున్నారని, వెంటనే డబ్బు పంపాలని గట్టిగా మాట్లాడాడు. వాడికి ముందే చెప్పి ఉంచినా చేతులు వణికాయి. తర్వాత కూర్చోబెట్టి, అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే అని చెప్పాం: ఫోన్ పెట్టేసి ఇంట్లోవాళ్లని పిలవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. తిడతారేమోనన్న టెన్షన్‌తో పిల్లలు దాచిపెడితే ఆ కాస్త టైమూ పోతుంది. అందుకే, పోయిందని చెప్పినందుకు ఈ ఇంట్లో ఎవరూ తిట్టరని ముందే మాటివ్వండి. ఇచ్చాక నిలబెట్టుకోండి.

సొంతంగా చెల్లించడం మొదలుపెట్టేటప్పుడు యూపీఐ సర్కిల్ లాంటి ఏర్పాటు మంచిది. వాళ్లు స్కాన్ చేస్తే, మీ ఫోన్లో మీరు పిన్ కొట్టి ఒప్పుకుంటేనే డబ్బు వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఫోన్లో చేసిన ఖర్చు కూడా అదే రోజు పద్దు పుస్తకంలోకి ఎక్కాలి.

తొమ్మిదో మెట్టు: నెల సరుకులు

పోయిన నెల మొదటిసారి ఇంటి సరుకుల డబ్బు మొత్తం పెద్దాడి చేతికిచ్చాం, 6,000. బియ్యం మినహా అన్నీ: పప్పులు, నూనె, సబ్బులు, కూరలు, పాలు. ఇలా ఇచ్చే ముందు గత మూడు నెలల రసీదులు దగ్గర పెట్టుకుని వాళ్ల చేత సరుకుల జాబితా రాయించండి. నాలుగు వారాలకి డబ్బు నాలుగు కవర్లలో పెట్టించండి. వారం మధ్యలో ఏమీ అడగకండి.

మూడో వారానికి నూనె అయిపోయింది, కవర్లో 40 రూపాయలున్నాయి. నాలుగో కవరు ముట్టుకోనని వాడే అన్నాడు. నాలుగు రోజులు పోపు తప్ప వేపుళ్లు లేవు, ఉడకబెట్టిన కూరలు, పచ్చళ్లు, మజ్జిగ పులుసు. మా ఆయన వంకాయ వేపుడు అడగబోయి ఊరుకున్నారు. నెలాఖరున 110 మిగిలాయి, తేడా 6. వచ్చే నెల జాబితాలో నూనె రెండు ప్యాకెట్లు ఎక్కువ రాసి, బిస్కెట్లు కొట్టేశాడు. చిన్నది బిస్కెట్ల గురించి వాడితో గట్టిగా దెబ్బలాడుతోంది. మేం కలగజేసుకోవడం లేదు.